సర్దార్ మేస్త్రి కవరింగ్ లెటర్లు

ఇంగ్లీషు భాషకు బంగారు పూత పూసిన మొనగాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. బందరు చిలకలపూడిలో ఉంటాడు, పేరు సర్దార్. ఏ నుంచి జెడ్ దాకా ఒక్క అక్షరాన్నీ వదల్లేదు.

కొంచెం తగ్గించుకుంటే మంచిది. ఏ నుంచి జెడ్ దాకా కాదు, ఏడో ఎనిమిదో అక్షరాలు. అందులో ఒకటి అసలు ఇంగ్లీషే కాదు. బంగారమూ బంగారం కాదు, కవరింగు. పూత పూసిన మాట మాత్రం నిజం.

బందరులో కవరింగు అంటే ఒకటే అర్థం: రాగి మీదో ఇత్తడి మీదో పలచగా పూసిన బంగారం. పెళ్ళిళ్ళలో సగం మెడలు ఆ పూత మీదే పరువు నిలబెట్టుకుంటాయి. గోవర్ధనరావు గారి కవరింగ్ వర్క్స్‌లో సర్దార్ పూత మేస్త్రి. మాణిక్యమ్మ రాళ్ళు పొదిగేది, కోదండరామయ్య మెరుగు పెట్టేవాడు. వీళ్ళు కాక మరికొందరు. అందరూ బావా, వదినా అని పిలుచుకుంటూ, క్యారేజీల్లో కూరలు మార్చుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకుంటూ జుట్టు నెరిసేదాకా కలిసి బతికారు.

గోవర్ధనరావు గారికి మోకాళ్ళు అరిగిపోయాయి. వర్క్స్‌ని తీసుకెళ్ళి ఓ పెద్ద కంపెనీలో కలిపేశారు. కంపెనీ ఆఫీసు గుడివాడలో, మిషన్లతో నడిచే కొత్త ఫ్యాక్టరీ బందరు శివార్లలో. ఈ కలిపే పని చూడ్డానికి ఆయన మేనల్లుడు భానుప్రకాష్ హైదరాబాదు నుంచి దిగాడు. మంచి కుర్రాడు. సంస్థల్లో పెద్ద మార్పులు వచ్చినప్పుడు మనుషుల్ని ఎలా నడిపించాలో చదువుకున్నాడు. పూత తొట్టి పక్కనే తెల్లబోర్డు పెట్టి, దాని మీద మెట్లు గీశాడు.

"మార్పు వస్తే మనుషులు ముందు నమ్మరు సర్దార్ గారూ. తర్వాత కోప్పడతారు, దిగులు పడతారు, చివరికి ఒప్పుకుంటారు."

"మా ఇంట్లో ఈ నాలుగూ టీ చల్లారేలోపే అయిపోతాయండీ," అన్నాడు సర్దార్.

భానుప్రకాష్ నవ్వాడు. "అందుకే మీరు కావాలి. వీళ్ళు నా మాట వినరు, మీ మాట వింటారు. కంపెనీకీ వీళ్ళకీ మధ్య మీరే వారధి."

"వారధంటే అందరిచేతా తొక్కించుకునేదేగా బావా," అన్నాడు కోదండరామయ్య. అందరూ పగలబడి నవ్వారు.

సర్దార్ కూడా నవ్వాడు గానీ, లోపల ఛాతీ కాస్త ఉబ్బింది. ఆ ఉబ్బులోనే అనేశాడు: "ఒక్కళ్ళని కూడా వదలను. వెళ్తే అందరం కలిసే ఆ ఫ్యాక్టరీలోకి వెళ్తాం." ఎవరూ అడగలేదు. అడక్కుండా ఇచ్చిన మాటే మెడకు చుట్టుకుంటుంది.

కొత్త కంపెనీలో చేరాలంటే పాతవాళ్ళయినా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. భానుప్రకాష్ ఓపిగ్గా అందరి వివరాలూ కంప్యూటర్లో ఎక్కించాడు. హైదరాబాదు బయల్దేరుతూ సర్దార్‌ని పిలిచాడు.

"ఒక్కటే మిగిలిందండీ. ప్రతివాళ్ళూ ఒక కవరింగ్ లెటర్ ఇవ్వాలి. మీరు పోగుచేసి, గడువులోపు గుడివాడలో ఇచ్చేయండి."

"ఎట్లా ఉండాలండీ?"

"చిన్నదిగా ఉండాలి. చూడగానే మనిషి పనితనం తెలియాలి. ఒకళ్ళది చూసి ఒకళ్ళు కాపీ కొట్టకూడదు."

దరఖాస్తుతో పాటు 'అయ్యా, నేను ఫలానా, నాకీ పని వచ్చు, ఈ ఉద్యోగం ఇప్పించండి' అని రాసే ఉత్తరాన్ని అలా అంటారని కాలేజీ మెట్లెక్కినవాళ్ళకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ కవరింగు గాజులు, కవరింగు గొలుసులు తప్ప వేరే కవరింగు ఎరగని మనిషికి ఏం తోస్తుంది? సర్దార్‌కి అదే తోచింది.

"మనకి పరీక్ష పెట్టారు," అని ప్రకటించాడు. "ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్ళు చెయ్యాలి. రేకు కత్తిరింపు నుంచి మెరుగు దాకా. పూత నేను పూస్తా."

మాణిక్యమ్మకు అనుమానం వచ్చింది. "తెలుగు అక్షరమా, ఇంగ్లీషు అక్షరమా? నాకు ఇంగ్లీషు ముక్క రాదు కదా."

సర్దార్ అక్కడికక్కడే ఫోను చేశాడు. భానుప్రకాష్ ఏదో మీటింగులో ఉన్నాడు. "ఇంగ్లీషైతే మేలండీ. రాకపోతే తెలుగైనా పర్లేదు," అని పెట్టేశాడు. ఇక అనుమానానికి చోటేది?

వర్క్స్‌లో అంత శ్రద్ధగా పని ఎప్పుడూ జరగలేదు. కోదండరామయ్య చేసిన 'కె' చూస్తే, కాన్వెంటు సిస్టర్లు నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్దించిన అక్షరంలా నిటారుగా నిలబడింది. మాణిక్యమ్మ 'మా' చేసింది, నిండా ఎర్రరాళ్ళు. పెట్టిన రాయి తీసి, మళ్ళీ పెట్టి, కిటికీ వెలుగులోకి పట్టి చూసుకునేది.

"ఈ చూపుతో నాకింకెవరు పనిస్తారు బావా? ఇది తప్పితే నాగాయలంకలో మా చెల్లెలి దగ్గరికెళ్ళి రొయ్యల షెడ్డులో కూర్చోవడమే."

"ఎందుకు తప్పుద్ది? నేనున్నాగా," అన్నాడు సర్దార్.

గడువు రోజున మిగతావాళ్ళంతా వ్యాను మాట్లాడుకుని మోపిదేవి వెళ్ళారు, ఉద్యోగం కోసం సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోవడానికి. సర్దార్ అక్షరాలన్నీ మఖమలు పెట్టెలో సర్ది, ఒళ్ళో పెట్టుకుని గుడివాడ బస్సెక్కాడు.

ఆఫీసులో కుమారి అనే అమ్మాయి పెట్టె మూత తీసింది. మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఎంత బాగున్నాయండీ! 'కె' కూడా ఉంది, నా అక్షరం. అమ్ముతారా?"

"అమ్మకానికి కాదమ్మా. అది కోదండరామయ్యది. ఇవే మా కవరింగ్ లెటర్లు."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది. మెల్లగా విడమరిచి చెప్పింది. సర్దార్ పెట్టె మూత మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"కంగారు పడకండి మావయ్యగారూ," అంది కుమారి. "తలా నాలుగు ముక్కలు నేనే టైపు చేస్తాను. అయిదింటికి సైటు మూసేస్తారు. ఎవరి ఫోనుకి వాళ్ళకి ఓటీపీ వస్తుంది, అది చెబితే చాలు."

ముందు అతనిదే చేసింది. అతని ఫోను మోగింది, నంబరు చదివాడు. "మీది వెళ్ళిపోయింది," అంది. సర్దార్‌కి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం సిగ్గేసింది.

కోదండరామయ్యకి చేస్తే ఎత్తలేదు. మాణిక్యమ్మా ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేయగా ఎవరో ఎత్తారు.

"వాళ్ళంతా గుళ్ళో ఉన్నారండి. ఫోన్లన్నీ సంచిలో వేసి నాకిచ్చి వెళ్ళారు. నేను వ్యాన్ డ్రైవర్ అయ్యప్పనండి."

"అయ్యప్పా, ఆ ఫోన్లకి ఇప్పుడు ఓటీపీలు వస్తాయి. అవి కాస్త చదివి చెప్పు నాయనా."

"చెప్పనండి."

"నేను సర్దార్‌నయ్యా, వాళ్ళ మేస్త్రిని!"

"మా బావమరిదికి బ్యాంకు మేనేజర్నని ఫోన్ చేశాడండి ఒకడు."

"వాళ్ళ ఉద్యోగాలు పోతాయయ్యా!"

"వాడూ ఇట్లాగే కంగారు పెట్టాడండి."

"పోనీ లోపలికెళ్ళి వాళ్ళని పిలువు."

"వ్యాను వదిలి వెళ్ళనండి. నన్ను నమ్మి అప్పజెప్పారు."

కుమారి ఫోను లాక్కుంది. "హలో, కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను."

"ఇప్పుడు ఆడగొంతు కూడానా?" అని నవ్వి, అయ్యప్ప పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

మోపిదేవిలో సంచి లోపల ఓటీపీలు ఒకదాని వెనక ఒకటి మోగాయి. గుళ్ళో వాళ్ళు అదే ఉద్యోగం కోసం కొబ్బరికాయలు కొడుతున్నారు. సర్దార్ భానుప్రకాష్‌కి చేశాడు. ఆ కుర్రాడు పైవాళ్ళను బతిమాలి, తిరిగి ఫోను చేశాడు. "గడువు పెంచరట సర్దార్ గారూ. నేను చదివినదాంట్లో ఇలాంటిది లేదండీ."

అయిదయింది. తెర తెల్లబడింది.

అతను బందరు చేరేసరికి వ్యాను వచ్చేసింది. మాణిక్యమ్మ ఎదురొచ్చి ప్రసాదం చేతిలో పెట్టింది.

"ఏమన్నారు బావా?"

"చాలా బాగున్నాయన్నారు. చూసి తిరిగిచ్చేశారు."

అది నిజమే. మిగతా నిజం గొంతులోనే ఉండిపోయింది. రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు అందరూ హుషారుగా ఉన్నారని చెప్పలేకపోయాడు. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం తీరిపోయింది. కంపెనీ తీసుకున్నది సర్దార్‌ని ఒక్కడినే అని కబురొచ్చింది.

కోపంతో కోదండరామయ్య తన 'కె'ని తొట్టిలోకి విసిరేశాడు. మాణిక్యమ్మ మాత్రం తన అక్షరాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఇదిగో, ఈ మూలరాయి వంకరగా పడింది బావా. దీనివల్లే. అప్పుడే నా మనసు పీకింది."

సర్దార్ నోరు తెరిచాడు. చెప్పాల్సిందంతా నాలుక చివరికి వచ్చింది. "కొంచెమేలే వదినా," అన్నాడు.

ఉద్యోగంలో చేరనని భీష్మించాడు. "మీరు లోపలుంటే రేపు ఒక్కళ్ళనైనా లాగొచ్చు," అని భానుప్రకాష్ నచ్చజెప్పాడు. చేరాడు. ఖాళీ వచ్చినప్పుడల్లా వెళ్ళి అడుగుతాడు. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళు మాకు వద్దంటారు మర్యాదగా, కుర్చీ వేసి మరీ. కోదండరామయ్య పెదపారుపూడిలో కల్యాణమండపానికి కాపలా ఉంటున్నాడు. మాణిక్యమ్మ నాగాయలంకలో రొయ్యల తలలు తీస్తోంది. బందరు వచ్చినప్పుడు సర్దార్ ఇంటికి రొయ్యలు తెచ్చి, అతని భార్య నఫీసాతో చెప్పి నవ్వుతుంది: "రాళ్ళు పొదగడం రాక ఇందులో పడ్డాను వదినా." అలాంటప్పుడు సర్దార్ ఏదో పని ఉన్నట్టు వీధిలోకి వెళ్ళిపోతాడు.

ఈ సంగతంతా అతని ముందు పెట్టి చూడండి. టీ గ్లాసు కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా తెగేసి చెబుతాడు.

"అంతా అబద్ధం. కవరింగ్ లెటరంటే ఏంటో నాకు తెలీదా? అక్షరాలూ లేవు, గిక్షరాలూ లేవు. వాళ్ళని ఎందుకు తీసుకోలేదో వెళ్ళి కంపెనీని అడగండి. మాణిక్యమ్మ పనికి వంక పెట్టినవాడు బందర్లో పుట్టలేదు. ఆ రోజు నేనసలు గుడివాడే వెళ్ళలేదు."