వెనక కమ్మీ

టెక్కలి నుంచి పలాస వెళ్లే బస్సులో కూర్చుని, ఫోన్లో రెండు బళ్ల ఫొటోలు మార్చి మార్చి చూస్తున్నాను. ఒకటి చవకలో వచ్చే కొత్తది. ఇంకోటి పేరున్న కంపెనీదే గానీ సెకండ్‌హ్యాండ్. పక్క సీటాయన తొంగిచూశాడు. ముఖం ఉబ్బి ఉంది, చేతికి దూది పెట్టి ప్లాస్టరేశారు.

"మైలేజీ కాదు బావా, ఎనక కూకున్నోడు పట్టుకోడానికి కమ్మీ ఉందా నేదా సూడు. డయాలిసిస్ సేయించుకొని వత్తంటే కళ్లు తిరుగుతాయి" అన్నాడు.

నడిపేది నేనైతే వెనకోడి గోల నాకెందుకని చిరాకేసింది. అయినా ఆ మాట బుర్రలోంచి పోలేదు. కమ్మీ ఉందని పాతదే కొన్నాను.

నాలుగేళ్లయింది. బండి బాగానే ఉంది. ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. వారానికి మూడుసార్లు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు, ఆ కమ్మీ పట్టుకుని నేను వెనక కూర్చుంటున్నాను.