జీడిపిక్కల డ్రమ్ము

మా మేనల్లుడు ఫోనులో ఏదో వీడియో చూసి వదులు జీన్స్‌ని మరిగే నీళ్లలో ముంచాడు. ఉడికిన నీలిరంగు వాసన ఇల్లంతా పట్టింది. వాణ్ణి వెక్కిరించే అర్హత నాకు లేదు. వాడికంటే పెద్ద వెధవని నేను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పలాసలో జీన్స్ కొన్నాడు. ఎదుగుతానని రెండు సైజులు పెద్దది. వేసుకుంటే గోనెసంచిలో దిగినట్టుండేది. మరగబెడితే బిగుస్తుందని బళ్లో ఎవడో చెప్పాడు. అమ్మ జీడిపిక్కలు ఉడకబెట్టే డ్రమ్ము కనిపించింది.

"అందులో ఏత్తన్నావేటి? దానికి పిక్కల జీడిరసం పట్టుంటాది. ఒల్లు పొక్కుతాది," అంది అమ్మ.

"నీకేటి తెల్సు జీన్సు గురించి," అన్నాను.

పొద్దస్తమానం పిక్కలు కొట్టి వేళ్లు నల్లబడ్డ మనిషికి ఏం తెలుస్తుందని నా పొగరు. ఆ చేతులంటే నాకు రోత. బడికి అన్నం తెస్తే గేటు దగ్గరే క్యారేజీ లాక్కుని పంపేసేవాణ్ణి.

జీన్స్ బిగిసింది. తడిగానే తొడుక్కుని మహారాజులా ఊరంతా తిరిగాను. రెండోరోజుకి తొడలు పొక్కి తోలు ఊడింది. చాపమీద పడి ఏడుస్తుంటే అమ్మ ఆ నల్లటి వేళ్లతోనే కొబ్బరినూనె రాసింది.

"నీ చేతులూ ఇలాగే మండుతాయేటి?" అనడిగాను.

"మొదట్లో మండీవి. ఇప్పుడు తెల్దు," అని మళ్లీ పిక్కల ముందు కూర్చుంది.

పుళ్లు మానాక బడికి వెళ్లాను. మధ్యాహ్నం అమ్మ అన్నం తెచ్చింది. అప్పుడూ గేటు దగ్గరే లాక్కున్నాను.