పోచంపాడు స్టేజీలో దిగినవాళ్లు

మా పాప మే నెల మూడో వారంలో పుట్టింది. దానికి మూడేళ్లు నిండేసరికి నాకు కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఊరు మారే పని లేకుండా ఆర్మూరులోనే వచ్చిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ తర్వాత వచ్చిన పుట్టినరోజుల్లో నేను దాని పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవి లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్లు కూడా పూర్తిగా అక్కర్లేదు.

మే అంటే పెళ్లిళ్ల నెల. తెల్లారి మొదటి ట్రిప్పు నుంచే బస్సు కిక్కిరిసి ఉంటుంది. కొత్త చీరల జనం, సూట్‌కేసులు, అద్దంలో చూసుకుంటూ కిందా మీదా పడే పిల్లలు, వాళ్ల మధ్య పసుపు అమ్ముకుని ఖాళీ సంచులు చంకన పెట్టుకున్న రైతులు. సెలవు దొరకదని నాతో ఎవరూ అనలేదు. నేనే అడగలేదు. ఆడవాళ్లకు ఉద్యోగమిస్తే ఇంతే, ఎప్పుడూ ఏదో ఒక వంక అని ఎవరైనా అంటారేమోనని కొత్తలో భయం. కొన్నేళ్లకు భయం పోయింది. అడగకపోవడం మాత్రం అలవాటుగా మిగిలింది.

మా ఆయనది పెర్కిట్‌లో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. పొలాల్లో బోర్లు నడిచినన్నాళ్లూ ఆయనకు అన్నం తినే తీరిక ఉండదు. మే వచ్చేసరికి పంటలు ఇళ్లకు చేరి మోటార్లు ఆగిపోతాయి, ఆయన చేతులు ఖాళీ అవుతాయి. అలా సరిగ్గా ఆయనకు తీరిక దొరికే నెలలోనే నాకు ఊపిరాడేది కాదు. ఎండాకాలం సెలవుల్లో పాపను తిప్పడం ఆయన వంతు, పిండివంటలు మా అత్తమ్మ వంతు. నా వంతు ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాప పుట్టినరోజుకు రెండు రోజుల ముందు అత్తమ్మ గరిజెలు మొదలుపెట్టేది. పుట్నాలు, ఎండుకొబ్బరి, నువ్వులు దంచి, చక్కెర కలిపి, యాలకులు వేసేది. అచ్చు వాడేది కాదు. పలుచగా ఒత్తిన పూరీలో పొడి పోసి, సగానికి మడిచి, అంచును బొటనవేలితో మెలి తిప్పుకుంటూ పోయేది. జడ అల్లినట్టుండేది ఆ అంచు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మంచం మీద పాత చీర పరిచి, దాని మీద వరుసలు పేర్చి ఉండేవి. పాప మంచం చుట్టూ తిరుగుతూ విరిగిన వాటి కోసం చూస్తుండేది.

"నేను గూడ ఒత్తుత అత్తమ్మా, గా కర్ర ఇటియ్యి" అని కూర్చోబోయేదాన్ని.

"వద్దు బిడ్డా. పొద్దుగాల్నుంచి నిలవడి నిలవడి వచ్చినవ్. పో, జర నడుం వాల్చు" అనేది.

ప్రేమతోనే అనేది. నా కాళ్ల వాపు చూసి అనేది. నేను లోపలి గదిలోకి పోయి పడుకునేదాన్ని. బయటి గదిలో నూనె చిటపట, పాప నవ్వు, "బాపమ్మా, గిది పేలింది చూడు" అన్న అరుపు వినిపించేవి. బాపమ్మంటే దానికి నాన్నమ్మ. నిద్ర పట్టేది కాదు. లేచి పోయి కూర్చుంటే మళ్లీ వెళ్లి పడుకోమంటుందని లేచేదాన్ని కూడా కాదు.

కేకు మా ఆయన చేసేవాడు. కుక్కర్లో ఇసుక పోసి, మధ్యలో గిన్నె పెట్టి, మోటారు విప్పినంత శ్రద్ధగా చేసేవాడు. ఒక ఏడు అడుగు మాడిపోతే, మాడిన వైపు కిందికి పెట్టి పైన చాక్లెట్ పూసి ఏమార్చాడట. పాప రెండో ముక్క కొరికి, "డాడీ, బొగ్గు కేకు!" అందట. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికి వందసార్లు చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ నేనూ నవ్వాను. ఆ కేకు నేను చూడలేదు.

పాపకు తొమ్మిదేళ్లు నిండిన రోజు మాత్రం నాకు గంట గంటా గుర్తుంది.

అప్పుడు నాకు నిర్మల్ రూటు పడింది. ఆ రోజు పోచంపాడు డ్యాం చూడటానికి పోదామని వాళ్లు అనుకున్నారు. మా ఆయనకు బండి ఉంది కానీ పాప ఒప్పుకోలేదు.

"అమ్మ బస్సులనే పోదాం. అమ్మనే టికెట్ గొట్టాలె" అంది.

పది గంటల ట్రిప్పుకు ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. పాపకు గులాబీ రంగు గౌను, కొత్త చెప్పులు. అత్తమ్మ చేతిలో పులిహోర, పూరీలు, మామిడి తొక్కు ఉన్న గిన్నెల సంచి. మా ఆయన చంకలో గుడ్డ చుట్టిన కేకు గిన్నె. ఎక్కీ ఎక్కగానే ఆయన జేబులు తడుముకుని, "అరె, పాసు ఇంట్లనే మర్చిపోయిన" అన్నాడు. ఉద్యోగుల ఇంటివాళ్లకిచ్చే బస్సు పాసు అది. పాప ఎగిరి గంతేసింది. దానికి కావలసిందే టికెట్టు. నేను మెషీన్ నొక్కి కాగితం చింపి ఇస్తే, రెండు చేతులతో అందుకుని పక్క సీటు ఆమెకు చూపించింది.

"మా అమ్మనే" అంది.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గట్లనా బిడ్డా, మరి మీ అమ్మను గూసోమను జర" అని నవ్వింది.

నేనెక్కడ కూర్చుంటాను! బాల్కొండ దాకా నిలబడే చోటు కూడా లేదు. వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు తోసుకుంటూ తిరుగుతున్నాను. వాళ్ల సీటు దాటినప్పుడల్లా పాప నా చొక్కా అంచు పట్టుకుని ఒకసారి లాగి వదిలేది. ఏమీ అడగడానికి కాదు, ఊరికే.

పోచంపాడు స్టేజీలో ముగ్గురూ దిగారు. పాప కింద నిలబడి, "నువ్వు దిగవా?" అంది.

దిగనని దానికి తెలుసు. అయినా అడిగింది.

"డ్యూటీల ఉన్న గద బిడ్డా. మీరు పోయి రాండ్రి. రెండో ట్రిప్పుకు మళ్ల గిదే స్టేజీల ఎక్కించుకుంట. నాలుగింటికి గీడ నిలవడుండ్రి."

"పక్కానా?"

"పక్కా."

డ్రైవరు మంచివాడు. అర నిమిషం ఎక్కువే ఆపాడు. తర్వాత నేనే రైట్ అన్నాను. వెనక అద్దంలోంచి చూస్తే వాళ్లు ఆటో మాట్లాడుకుంటున్నారు. పాప ఇటు చూడటం లేదు. ఆటోలో ముందే ఎక్కి, జరగమని వాళ్ల డాడీని తోస్తోంది.

ఆ మధ్యాహ్నమంతా నాకు మనసు తేలిగ్గానే ఉంది. నాలుగింటికి వాళ్లు ఎక్కుతారు, ముందు సీటు ఒకటి ఆపి ఉంచాలి అనుకున్నాను. నిర్మల్‌లో బయల్దేరినప్పుడు ఇంజన్ పక్క సీటు మీద నా సంచి పెట్టాను. ఇద్దరు ముగ్గురు అడిగితే, మనుషులొస్తారని చెప్పాను. సోన్ దాటాక ఒక ముసలాయన నిలబడలేక వంగిపోతుంటే సంచి తీసి ఆయన్ను కూర్చోబెట్టాను.

పోచంపాడు స్టేజీలో బస్సు ఆగింది. అరటిపళ్ల బండి, ఇద్దరు కాలేజీ పిల్లలు. మా వాళ్లు లేరు. నేను కిందికి దిగి డ్యాం రోడ్డు వైపు చూశాను. ఆటో వస్తున్నట్టు కూడా లేదు.

"పోదామా మేడం?" అన్నాడు డ్రైవరు.

"ఒక్క నిమిషం."

ఒకటి కాదు, మూడు నిమిషాలు ఆగాడు. లోపలి నుంచి జనం అరవడం మొదలుపెట్టారు. ఎక్కి రైట్ అన్నాను. ముప్కాల్ దాటాక టికెట్ల పని తగ్గితే ఫోన్ తీసి చూశాను. రెండున్నరకు మా ఆయన నుంచి ఐదు కాల్స్ వచ్చి ఉన్నాయి. ఆ గోలలో నాకు వినపడలేదు. నేను చేస్తే ఎత్తాడు.

"పొల్లకు ఎండ దాకింది. కండ్లు తిరుగుతున్నయ్ అన్నది. మా దోస్తు కారు కనవడితె ఎక్కి వచ్చేసినం. ఇప్పుడు మంచిగనే ఉంది, ఫికర్ చెయ్యకు."

"మరి కేకు?"

"గాడనే కోసినం. మస్తుగైంది."

ఇంటికి పోయేసరికి ఏడయింది. పాప టీవీ ముందు కూర్చుని గరిజె తింటోంది. నన్ను చూసి, "అమ్మా, కోతి డాడీ టోపీ గుంజుకపోయింది!" అని చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేక, "బాపమ్మా, నువ్వు చెప్పు" అంది. అత్తమ్మ చెప్పింది. మా ఆయన మధ్యమధ్యలో సరిదిద్దాడు. ఫోన్లో ఫోటోలు చూపించారు. నీళ్లు, గేట్లు, చెట్టు కింద చాప, కేకు దగ్గర ముగ్గురు. ఎవరో దారిన పోయేవాళ్లతో తీయించారట, ముగ్గురూ సరిగ్గా మధ్యలో ఉన్నారు. ఫోటోలో ఎక్కడా ఖాళీ లేదు. అప్పుడు ఏడుపు రాలేదు కానీ, స్నానాల గదిలో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ చాలాసేపు ఉండిపోయాను.

ఆ తర్వాత కూడా ఏటా పోతూనే ఉన్నారు. ఒక ఏడు భీమ్‌గల్ గుట్టకు, మిగతా ఏళ్లు డ్యాంకే. నేను వచ్చాక కబుర్లు వినేదాన్ని.

పాపకు పదిహేనేళ్లు వచ్చిన ఏడు ఏమనిపించిందో, వారం ముందే సెలవు పెట్టాను. ఎవరూ కాదనలేదు. ఇన్నేళ్లు ఎందుకు అడగలేదా అని ఆ రోజు కాగితం మీద సంతకం చేస్తూ సిగ్గుపడ్డాను. ఇంట్లో చెబితే మా ఆయన, "నిజంగనా?" అని రెండుసార్లు అడిగాడు.

కారు మాట్లాడుకుని పోయాం. డ్యాం దగ్గర నీడ చూసి నేను చాప పరిచాను. పాప నవ్వింది.

"ఆడ గాదమ్మా. మనం ఎప్పుడు గీడనే గూసుంటం."

ఇంకో చెట్టు చూపించింది. నేను చాప చుట్టుకుని వెళ్లాను. వాళ్లు చకచకా సర్దుకున్నారు. సంచి కొమ్మకు తగిలించడం ఆయన పని, నీళ్ల క్యాన్ నీడలో పెట్టడం పాప పని. వాళ్లు ఒకరికొకరు ఏమీ చెప్పుకోవడం లేదు. చేతులకే తెలుసు. నేను పేపరు పళ్లాలు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో కోతి అన్నారు, పాపా అత్తమ్మా ఒక్కసారిగా మా ఆయన తల వైపు చూశారు, ముగ్గురూ నవ్వారు.

అత్తమ్మ వడ్డించింది. మొదటి పళ్లెం నాకు ఇచ్చింది. అంచు విరగని గరిజెలు రెండు ఏరి వేసింది. "తిను బిడ్డా, మొహమాటపడకు" అంది.

ఇంటికొచ్చిన చుట్టానికి మొదట పెడతాం. ఆ ముసలామె మనసులో అలాంటిదేమీ లేదని నాకు తెలుసు. నా మీద ఆమెకున్న ప్రేమకు నేను సాక్ష్యం చెప్పగలను. కానీ ఆ పళ్లెం చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. పాప కేకు కోసి మొదటి ముక్క అలవాటుగా వాళ్ల బాపమ్మ నోట్లో పెట్టింది. తర్వాత నన్ను చూసి గబుక్కున ఇంకో ముక్క కోసింది. ఆ గబుక్కున కోయడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తిరిగి వస్తుంటే కారులో పాప నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. బాల్కొండ నుంచి పెర్కిట్ దాకా నేను కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది.

రెండేళ్ల కిందట అత్తమ్మ పోయింది. జ్వరమని దవాఖానాకు తీసుకుపోతే మూడు రోజుల్లోనే. ఆ ఎండాకాలం మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యి ఎక్కలేదు. పాప నర్సింగ్‌లో చేరి నిజామాబాదు హాస్టలుకు పోయింది. పోచంపాడు మాట ఎవరూ ఎత్తలేదు.

ఈ ఏడు దాని పుట్టినరోజు నా వారపు సెలవునాడు పడింది. ముందు రోజు సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని గరిజెలు చేశాను. పొడి కుదిరింది, అంచు కుదరలేదు. మెలి తిప్పబోతే విప్పుకుంటోంది. నూనెలో సగం పేలి పొడి బయటికి వచ్చింది. మా ఆయన దుకాణం నుంచి వచ్చి ఒకటి తిని, కాసేపు నమిలి, "మంచిగున్నయ్" అని ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన దేన్ని తలచుకుంటున్నాడో నాకు తెలుసు.

పొద్దున్నే డబ్బా కట్టుకుని, పాపకు చెప్పకుండా నిజామాబాదు బస్సెక్కాను. హాస్టలు గేటు దగ్గర కూర్చున్నామె నన్ను ఆపింది.

"పిల్లలంత అలీసాగర్ చెరువు కాడి తోటకు పోయిండ్రమ్మా. ఎవరిదో బర్త్‌డే ఉందంట. నువ్వు ఎవలి తాలూకు?"

"గా బర్త్‌డే పిల్ల అమ్మను" అన్నాను.

ఆమె నా ముఖం చూసి కుర్చీ జరిపింది. "అయ్యో, కూసో అక్కా. ఫోన్ చెయ్యరాదు మరి, వస్తది."

చేయలేదు. చేస్తే అది నిజంగానే మధ్యలో లేచి వచ్చేస్తుంది. రెండు గంటలు కూర్చున్నాను. ఆమె తన పిల్లల గురించి చెప్పింది, నాకు మంచినీళ్లిచ్చింది. ఎండ గేటు దాటి మా కాళ్ల దాకా వచ్చాక డబ్బా ఆమెకు అప్పజెప్పి లేచాను.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఫోన్ వచ్చింది.

"అమ్మా, వచ్చినవా? చెప్పలేదేందే? నేను ఉందును గద!"

"ఊకెనే వచ్చిన. అలీసాగర్ మంచిగున్నదా?"

"మస్తున్నది. నువ్వు ఎప్పుడన్న చూసినవా అది?"

"బస్సులకెళ్లి చూసిన. దిగలే."

వెనక ఆడపిల్లల నవ్వులు.

"గరిజెలు బాపమ్మ చేసినట్టు లెవ్వు" అంది.

"మంచిగ లెవ్వా?"

"మంచిగనే ఉన్నయ్. వేరే ఉన్నయ్. మావోళ్లు అన్ని తినేసిండ్రు, నాకు రెండే దొరికినయ్." అంతలో దాన్ని ఎవరో పిలిచారు. "వస్తున్న ఆగుండ్రే! అమ్మా, మళ్ల చేస్త. సరేనా?"

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆయనతో చెప్పాలనిపించింది, కానీ ఆయన ఇంకా రాలేదు. మిగిలిన గిన్నెలు తోమి, బోర్లించి, గుమ్మంలో కూర్చున్నాను. మా పాప చూసొచ్చిన ఆ నీళ్లు, ఆ చెట్లు ఎలా ఉంటాయో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. బస్సులోంచి చూసిన గేటు ఒక్కటే గుర్తొచ్చింది. వీధిలో కరెంటు పోయింది. లేచి ఇంట్లోకి వెళ్లి కొవ్వొత్తి వెతక్కుండా, ఆయన బండి చప్పుడు వినపడేదాకా అక్కడే ఉన్నాను.