బయటి తాళం

“పొగ కమ్మితే బిడ్డనెత్తుకొని యాడికి పోవల్ల మేడమ్?” అని మా ఎదురింట్లో పనిచేసే రాయచోటి నసీమా రోజూ అడిగేది. మేడమ్ నవ్వేసేది. పాత యజమాని దగ్గరే పాస్‌పోర్టు వదిలి పారిపోయి వచ్చిన మనిషి నసీమా. 2008లో, గల్ఫ్‌లోని అల్ ఖువైర్‌లో మా ఎదురింటి దంపతులు, పత్రాల్లేని పనివాళ్ల కోసం తనిఖీవాళ్లు వస్తే ఇల్లు ఖాళీ అనుకోవాలని, ఆమెనూ తమ ఏడాది పాపనూ లోపల ఉంచి బయట తాళం వేసి ఆఫీసుకు పోయేవారు. గుమ్మం ముందు ఆమె చెప్పులు కూడా కనబడనిచ్చేవారు కాదు. నసీమా పొయ్యి వెలిగించే ముందే తడిగుడ్డ భుజాన వేసుకునేది. ఒకరోజు ఫ్రిజ్ వైరు కాలి ఇల్లంతా పొగ నిండింది. ఇరుగుపొరుగు కలిసి తలుపు పగలగొట్టాం. పాప ముఖానికి ఆ గుడ్డ చుట్టి, నసీమా గడపకు ముక్కు ఆనించి పడుకొని ఉంది. పరుగున వచ్చిన మేడమ్ మొదటి మాట, “దీన్ని పోలీసులెవరూ చూళ్లేదు కదా?” దగ్గు ఆగాక నసీమా నా చంకలోని బాబును చూసి, “బిడ్డ లోపలుంటే తాళంచెవి గూడా లోపలే ఉండల్లక్కా” అంది. ఇప్పుడు మా తాళంచెవి తలుపు లోపలి మేకుకే ఉంటోంది.