అందరి సిగ్గూ మా బావదే

మా బావకి సిగ్గెక్కువ. ఇందులో వింతేముంది, మనుషులన్నాక సిగ్గుపడరా అంటారేమో. పడతారు. కానీ ఎవరి సిగ్గు వాళ్లు పడతారు. మా బావ అలా కాదు, ఊళ్లో వాళ్ల సిగ్గంతా తనే పడతాడు. తప్పు ఎవరిదైనా వంగే తల మాత్రం ఈయనది. ఎదురింటాయన పాట అందుకుని శ్రుతి తప్పాడంటే, మా బావ గబగబా కిటికీలు మూసి, మంచమెక్కి దుప్పటి ముసుగేసుకుంటాడు.

"పాడేది ఆయనైతే మీకెందుకండీ?" అంటుంది మా అక్క.

"నాకు తలకొట్టేసినట్టుందే," అంటాడు దుప్పట్లోంచి.

"పాపం ఆయనకి లేదుగా ఆ బాధ!"

"ఆయనకి లేదు గనకే ఇదంతా నా నెత్తిన పడింది!"

ఒకసారి ముగ్గురం హోటలుకి వెళ్లాం. వడ్డించేవాడు తెచ్చిన సూపు మా బావ చొక్కా మీద ఒలికింది. "సారీ సార్" అన్నాడతను. "అయ్యో, నేనే సారీ" అన్నాడు మా బావ. "కాదు సార్, నాదే తప్పు." "నీదెందుకవుతుంది నాయనా, ఈ చొక్కా ఇక్కడ ఉండబట్టే కదా!" ఇలా ఇద్దరూ కాసేపు సారీలు ఇచ్చిపుచ్చుకున్నాక, బావ రుమాలు తీసి బల్లంతా తుడవడం మొదలుపెట్టాడు. వడ్డించేవాడు హడలిపోయి యజమానిని పిలుచుకొచ్చాడు. యజమాని రాగానే మా బావ చేతులు జోడించి, "నేనే ఒలకబోసుకున్నానండీ, చిన్నప్పటినుంచీ అలవాటు," అన్నాడు. చుట్టుపక్కల బల్లలవాళ్లంతా తినడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. నేల చీలితే దూరిపోదామనిపించింది నాకు. మా అక్క మాత్రం చప్పుడు చేయకుండా తన సూపు తను తాగేసింది. ఆవిడకి అలవాటైపోయింది.

ఆయన ఊరందరి కోసమూ సిగ్గుపడతాడా, ఆయన కోసం సిగ్గుపడే డ్యూటీ నాది. పైగా నా ఖర్మ కొద్దీ ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. ఫోను కనెక్షన్లు ఇచ్చే కంపెనీ. ముందు హాల్లో అద్దాల బల్లలు, పూలకుండీలు, నవ్వు మొహాలు ఉంటాయి. వెనక హాల్లో మేముంటాం. ఎవరి లైను ఎక్కడుంది, ఎవరికి బిల్లు వెళ్లాలి, ఎవరి ఫోను మూగపోయింది, దాన్ని బాగుచేయడానికి ఏ లైన్‌మన్ వెళ్లాలి, ఇదంతా చూసుకునే సాఫ్ట్‌వేర్ మా దగ్గరే ఉంది. దాన్ని మేము ముద్దుగా ముసలమ్మ అంటాం. నెమ్మదిగా పనిచేసేది, మధ్యాహ్నం పూట కాస్త కునుకు తీసేది, కానీ ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు.

ఆ విభాగానికి పెద్ద మా బావే. ఆఫీసంతా ఆయన్ని "సిగ్గుల సారు" అనేది. ముసలమ్మ పొరపాటున ఎవరికైనా తప్పు బిల్లు పంపితే, ఈయన స్వయంగా ఫోన్ చేసి ఆ కస్టమరుకి ఎంతగా క్షమాపణ చెప్పేవాడంటే, చివరికి కస్టమరే బెంబేలెత్తి "పోనీ ఆ బిల్లు కట్టేస్తాలెండి" అనేవాడు. అప్పుడు మళ్లీ వద్దని బతిమాలాల్సివచ్చేది.

ఇలా ఉండగా మా పెద్దసారు ఏదో సదస్సుకి వెళ్లొచ్చాడు. జలుబు పట్టుకొచ్చినట్టు అక్కణ్నుంచి మార్కెట్ ట్రెండ్ పట్టుకొచ్చాడు. వచ్చీ రాగానే మీటింగు.

"అసలు మార్కెట్ ఎటు పోతోందో మీకెవరికైనా తెలుసా?" అన్నాడు.

ఒకరిద్దరు కిటికీలోంచి బజారు వైపు చూశారు.

"అంతా క్లౌడయ్యా, క్లౌడు! సాఫ్ట్‌వేర్ ఇప్పుడెవడూ కొనట్లేదు, అద్దెకి తీసుకుంటున్నారు. దానికితోడు ఏఐ! కస్టమరు కంప్లయింట్ ఇచ్చేలోపే అది పరిష్కరించేస్తుంది. మనమేమో ఇంకా ముసలమ్మకి సేవలు చేసుకుంటూ కూర్చున్నాం. నలుగురిలో చెప్పుకోడానికి నాకే సిగ్గేసింది!"

సిగ్గు అన్న మాట వినగానే మా బావ లేచి నిలబడి, "సారీ సార్," అన్నాడు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎంపికకి కమిటీ వేశారు. మా బావే దానికి పెద్ద, నేను సభ్యుణ్ని. అమ్మేవాళ్లు వరసగా రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాడూ గోడ మీద ఒక బాణం గుర్తు చూపించేవాడు. అది కింది మూలనుంచి పై మూలకి పోతుండేది. ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందో ఎవడూ చెప్పేవాడు కాదు.

అక్కడే ఒక సంగతి బయటపడింది. అమ్మకానికి వచ్చినవాడు అబద్ధం మొదలుపెట్టగానే మా బావ చెవులు ఎర్రబడేవి. అబద్ధం ముదిరితే మొహం కందగడ్డ అయ్యేది. మరీ అన్యాయమైతే, కింద పడని పెన్ను కోసం బల్ల కింద దూరి వెతుక్కునేవాడు. వాడు సిగ్గు లేకుండా చెబుతుంటే, పడాల్సిన సిగ్గేదో ఈయన పడుతున్నాడన్నమాట. పెద్దసారు దీన్ని ఇట్టే కనిపెట్టాడు. ఆ రోజునుంచీ ఆయన గోడ వైపు చూడటం మానేసి బావ చెవుల వైపే చూసేవాడు. "ఎందుకైనా మంచిది, వెలుతురులో కూర్చోవయ్యా," అని ముందు వరస కుర్చీ ఇప్పించాడు. కమిటీ అంతా మెడలు చాచి మా బావ చెవులు చూస్తుంటే నాకు తలెత్తుకోబుద్ధయ్యేది కాదు.

ఆ తర్వాత ఒక చిన్న కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఉద్యోగంలో కొత్తలా ఉంది. బాణాలేమీ చూపించలేదు. "మా సిస్టమ్ ఎలా పనిచేస్తుందో మీ ముందే చూపిస్తానండీ," అంది. బావ చెవులు మామూలుగానే ఉన్నాయి. అందరం కుదురుగా కూర్చున్నాం. ఆ అమ్మాయి బటన్ నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. అలా తిరుగుతూనే ఉంది.

"ఒక్క నిమిషమండీ," అంది.

చక్రం ఆగలేదు.

"ఇంకొక్క నిమిషం..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు వాచీ చూసుకుని, "మేం ఇంటికెళ్లి భోంచేసొచ్చేదా అమ్మా?" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ అమ్మాయి నవ్వబోయింది, నవ్వు రాలేదు. మళ్లీ మళ్లీ అదే బటన్ నొక్కుతోంది.

సరిగ్గా అప్పుడు మా బావ కుర్చీలోంచి లేచాడు. రెండడుగులు వేశాడు. నేల మీద ప్రొజెక్టర్ వైరు కాలికి తగిలింది. తగలడమంటే మామూలు తగలడం కాదు. వైరుతో పాటు ప్రొజెక్టరూ, దాంతో పాటు మంచినీళ్ల జగ్గూ, వాటి వెనకే మా బావా, అన్నీ పెద్దసారు కాళ్ల దగ్గరికి చేరాయి. గది చీకటైంది. లైటు వేసేసరికి బావ నేల మీద కూర్చుని, నెత్తిన నీళ్లు కారుతుండగా, "సారీ సార్, నా కాలిదే తప్పు," అంటున్నాడు.

జనం పడీ పడీ నవ్వారు. పెద్దసారు ఒక్కడే నవ్వలేదు, ఆయన బూట్లు తడిశాయి. ఈ గొడవలో ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది, కాసిని నీళ్లు తాగింది, కంప్యూటర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అంతా చక్కగా నడిచింది. కానీ చూసేదెవరు? పెద్దసారు అప్పటికే సాక్సులు పిండుకుంటున్నాడు.

క్యాంటీన్లో బావని నిలదీశాను.

"పరువు తీశావు కదా బావా! నేల మీద వైరుంటే చూసుకోనక్కర్లా?"

"చూసుకున్నాన్రా."

"చూసుకుంటే ఎలా పడ్డావు?"

"చూసుకోకపోతే అంత సరిగ్గా ఎలా పడతాను?" అని టీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగి అన్నాడు: "ఆ పిల్ల మొహం చూశావా? అంతమందిలో ఒక్కత్తే నిలబడి సిగ్గుపడుతోంది. చూస్తూ కూర్చోమంటావా? సిగ్గుపడేటప్పుడు మనిషికి తోడు కావాల్రా. అదొక్కటీ ఒంటరిగా పడకూడదు."

"అయితే హోటల్లో..."

"ఆ కుర్రాడి యజమాని చూపు నువ్వు చూళ్లేదు," అని ఖాళీ గ్లాసు తీసుకుని లేచాడు.

పెద్దసారు మా బావని కమిటీలోంచి తీసేశాడు. మర్నాడు పెద్ద కంపెనీ నుంచి టై కట్టుకుని ఒకాయన వచ్చాడు. "మా ఏఐ మీ రికార్డుల్లో ప్రతి అక్షరమూ చదువుతుంది, మనిషిలా అర్థం చేసుకుంటుంది," అన్నాడు. ఆ గదిలో ఎర్రబడటానికి చెవుల్లేవు. పెద్దసారు సంతకం పెట్టేశాడు. ముసలమ్మ రిటైరైంది.

కొత్త సిస్టమ్ ప్రారంభించిన రోజే కొంప మునిగింది. మా లైన్‌మన్లకి ఒక అలవాటుంది. ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి ఇంకో వీధికి మారితే, పాత చిరునామా పక్కన "పోయారు" అని రాస్తారు. ముసలమ్మ దాన్నెప్పుడూ పట్టించుకున్న పాపాన పోలేదు. కొత్తది చదువుకున్నది కదా, ప్రతి అక్షరమూ చదివింది, మనిషిలా అర్థం చేసుకుంది. ఇల్లు మారిన ప్రతి కస్టమరుకీ సందేశం వెళ్లింది: "మీ మరణానికి మా ప్రగాఢ సానుభూతి. సేవలు కొనసాగించదలిస్తే ఒకటి నొక్కండి."

పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. ముందు హాలు నిండిపోయింది. పూలకుండీల వెనక కూడా మనుషులే. "ఎవర్రా నన్ను చంపింది?" అని ఒకాయన కేకలు. పెద్దసారు వెనక హాలు తలుపు దగ్గర బిక్కచచ్చి నిలబడ్డాడు.

"ఏం మొహం పెట్టుకుని వెళ్లనయ్యా వాళ్ల ముందుకి?" అన్నాడు.

"పదండి సార్, నేనూ వస్తా," అన్నాడు మా బావ.

"నీకేం సంబంధం? నువ్వు కమిటీలోనే లేవుగా!"

"మీరైతే ఉన్నారుగా సార్," అని బావ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ హాల్లోకి నడిచారు. పెద్దసారు గొంతు సవరించుకుని, "సాంకేతిక కారణాల వల్ల..." అని మొదలుపెట్టి, పక్కకి చూశాడు. మా బావ తల దించుకుని ఉన్నాడు. మొహమంతా ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెద్దసారు ఆ మాట అక్కడే వదిలేసి, "తప్పు నాదేనండీ, తెలుసుకోకుండా తొందరపడ్డాను, క్షమించండి," అనేశాడు. ఆయన నోట ఆ మాట మేమెవరమూ ఎన్నడూ వినలేదు.

హాలు కాస్త సద్దుమణిగింది. ముందు వరసలో ఉన్న పెద్దావిడ, ఒకప్పుడు లెక్కల టీచరట, కళ్లజోడు సర్దుకుని మా బావని పరకాయించి చూసింది.

"పోయింది నేను కదా నాయనా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

హాలంతా గొల్లున నవ్వింది. ఇందాక కేకలేసినాయన గబగబా కుర్చీ తెచ్చి మా బావని కూర్చోబెట్టాడు. ఇంకెవరో మంచినీళ్లిచ్చారు. చచ్చిపోయినవాళ్లంతా చుట్టూ చేరి, "పోన్లెండి, పొరపాట్లు జరుగుతుంటాయి, మరీ అంత మనసులో పెట్టుకోకండి," అని ఆయన్ని ఓదార్చడం మొదలుపెట్టారు. పెద్దసారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తానే వాళ్ల రికార్డులు సరిచేయించాడు.

అందరి పనీ అయ్యాక టీచరుగారు లేచి చేతిసంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి పెద్దసారుని పిలిచింది.

"ఇదిగో బాబూ, నేను నిజంగా పోయినప్పుడు మాత్రం మీ మెసేజీలూ అవీ వద్దు. ఈయన్ని పంపించు."

"తప్పకుండానమ్మా!" అన్నాడు పెద్దసారు ఉత్సాహంగా. తనేమన్నాడో ఆ తర్వాత అర్థమై, నాలిక కరుచుకున్నాడు.

అప్పటికే మా బావ కుర్చీలోంచి లేచాడు. "సారీ అండీ," అంటున్నాడు.