జాతరలో పడిన వాయిదా

పూతలపట్టు దాటాక బస్సు పంచరైంది. దిగి రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నాను. పక్కనున్న మనిషి తువాలు మూట విప్పి, అరిగిన గుర్రపు లాడం ఒకటి తీసి చూసుకుని మళ్లీ కట్టేశాడు.

"అమ్మడానికా?" అన్నాను.

"సాచ్చెం," అన్నాడు.

పేరు చెంగయ్య. తిరుపతిలో జట్కా తోలుతాడు. ఆటోలు పెరిగి జట్కాలు తగ్గుతున్న రోజులవి. ఆసుపత్రి ముందర గుర్రానికి లాడం ఊడింది. ఒట్టి డెక్కతో తారు మీద నడిపిస్తే కుంటిదవుతుంది. లాడం కొట్టేవాణ్ణి పిలుచుకొచ్చేలోగా, బండి నిలపకూడని చోట నిలిపాడని మునిసిపాలిటీ మనిషి జరిమానా చీటీ రాశాడు.

"కట్టేస్తే పోయేది గదా?"

"కడితే తప్పు నాదే అని ఒప్పుకున్నెట్టు. వచ్చే ఏడు లైసెన్సు ఇయ్యరు సామీ. నాకు బండి తోలేది తప్ప యేమొచ్చు?"

కమిషనరుకు అర్జీ పెడితే కాదన్నారు. ఆపైన చిత్తూరు పెద్దాఫీసుకు అప్పీలు. హాజరు కావలసిన వాయిదా తిరుపతి గంగమ్మ జాతర వారంలో పడింది. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటరు. చెంగయ్యా దాటలేదు.

"ముందే ఒక కార్డు ముక్క రాయాల్సింది."

"అందురికీ తెలిసిందే గదా, ఆఫీసరుకు తెలీదా అనుకుంటి."

పూర్వం రాజులు కోట వాకిట ధర్మగంట కట్టించేవారని చదివాను. పొద్దున దాటి వచ్చిన చంద్రగిరిలో కట్టారో లేదో తెలియదు. కట్టినా, తాడు ఎవరికి అందేదో. నాకు చిత్తూరులో తొందర పనేమీ లేదు గనుక చెంగయ్య వెంట ఆఫీసుకు వెళ్లాను.

గుమాస్తా పరంధామయ్య కాగితాలు తిరగేశాడు. "వాయిదాకు రాలేదని కొట్టేసినారబ్బా. మళ్లా తెరిపించొచ్చు. జొరమొచ్చి రాలేదని రాసి, డాక్టరు చీటీ ఒకటి పెట్టు."

"జాతరని రాస్తే?"

"మా అత్తగారిది తిరుపతే, నాకు తెలీదా? రూల్సులో జబ్బుండాది, జాతర లేదు."

నేను కలం తీసి 'తీవ్రమైన జ్వరం' వరకూ రాశాను. చెంగయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సామీ. జబ్బులు రానీయద్దనే గదా ఆ వారమంతా అమ్మను మొక్కేది. ఆ దినాల్లో ఇంట్లో జొరమని యేలిముద్ర యేస్తే, పిలిసినట్టు కాదా? పసిబిడ్డలుండారు."

"అయితే గుర్రానికి జొరమని రాయించు," అన్నాడు పరంధామయ్య.

"అదీ మా ఇంటిదే గదా సార్."

పరంధామయ్య నవ్వబోయి మానుకున్నాడు. చెంగయ్య పెట్టిన లాడం మూట బల్ల మీదే ఉంది, ఎవరూ విప్పమనలేదు. నేను రాసింది కొట్టేసి, పొద్దుటి పంచరు గుర్తొచ్చి, "దారిలో బస్సు చెడిపోయిందని రాద్దామా? దానివల్ల ఎవరికీ జబ్బు రాదు," అన్నాను.

అన్నాకే తోచింది, జాతరలో బస్సెక్కాడంటే పొలిమేర దాటినట్టే. తలెత్తి చూస్తే బల్ల మీద మూట లేదు. చెంగయ్య అప్పటికే గేటు దాటి, తువాలు మూట భుజాన వేసుకుని, ఎండలో బస్టాండు వైపు నడుస్తున్నాడు.