మిరప గోదాములో అరుపులు

"దయ్యాల పుస్తకాలు చదివి ఆడకూలీల చేత కేకలు పెట్టించే మనిషివి నువ్వేనా?"

1959 నవంబరులో, నందిగామ కోర్టులో, డిఫెన్సు ప్లీడరు అడిగిన ప్రశ్న ఇది. వెనక బెంచీల మీదున్నవాళ్లు నవ్వారు. సాక్షి బోనులో నిలబడ్డ సర్దార్‌బీ ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి, "అవునండి, నేనే" అంది.

జగ్గయ్యపేటలో కొందరు ఇప్పటికీ ఆ ఒక్క మాటతోనే కేసు పోయిందంటారు. వాళ్లనేది తప్పని నేననుకుంటాను. ఎందుకు తప్పో చెప్పాలంటే ఆవిడ ఏం చదివేదో, ఎక్కడ చదివేదో, ఆ చోటి తలుపు సంగతేమిటో వరసగా చెప్పుకురావాలి.

సర్దార్‌బీ పుట్టింది జగ్గయ్యపేటలోనే. తండ్రి నాగూర్ బాషా అద్దె పుస్తకాల కొట్టుకు బైండింగులు చేసేవాడు. బోర్డు స్కూల్లో ఐదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది గానీ, ఇంట్లో మూలన గుట్టగా పడుండే చిరుగు పుస్తకాల పుణ్యాన చదవడం ఆగలేదు. భర్త నాసర్ లారీ క్లీనరు. 1954లో గరికపాడు దాటి హైదరాబాదు వైపు వెళ్లిన లారీ తిరిగొచ్చింది, నాసర్ రాలేదు. పోయాడని ఏడవాలో, వస్తాడని ఎదురుచూడాలో తెలియని మనిషి ఏదో ఒక పని చూసుకోవాలి గదా. ఆ వేసవికే వరప్రసాదరావు గారి మిరపకాయల గోదాములో ముచ్చికలు తీసే కూలికి కుదిరింది.

ఎండుమిరపకాయ తొడిమ దగ్గర గిల్లి పారేయడమే పని. చూడ్డానికి పిల్లలాట. మొదటి వారం వేళ్లు మండుతాయి, రెండో వారం కళ్లు మండుతాయి, మూడో వారం నుంచి ఏది మండుతోందో వేరుగా తెలియదు. పన్నెండుమంది ఆడవాళ్లు పొద్దున్నించి పొద్దుగూకేదాకా గోడల వారన కూర్చుని గిల్లుతూనే ఉంటారు. కూలి బుట్ట లెక్కన.

ఒకనాడు అన్నాలు తినే వేళ సర్దార్‌బీ అట్ట ఊడిన నవలొకటి ముందేసుకుని కూర్చుంది. పక్కనే సుబ్బమ్మ. పాతికేళ్లది, ఉబ్బసం మనిషి, నోరు మాత్రం గట్టిది.

"నీలో నువ్వే నవ్వుకుంటన్నావేంటక్కా? మాకూ చెప్పరాదూ?"

"నవ్వు కాదే. భయమేస్తంది."

"భయమేస్తే నవ్వుతారా ఎవరన్నా?"

"వినిచూడు. నువ్వూ నవ్వుతావు."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి దానికో కట్టుబాటు ఏర్పడింది. సర్దార్‌బీ చదువుతున్నంతసేపూ కాయ ముట్టుకోనక్కర్లేదు. పేజీ తిప్పినప్పుడల్లా మిగతా పదకొండుమందీ తాము గిల్లిన కాయల్లోంచి తలా ఒక గుప్పెడు ఆమె బుట్టలో పడేస్తారు. సుబ్బమ్మ దీనికి తీర్పరి. "ఈ పేజీలో దయ్యం రాలేదు గందక్కా, అరగుప్పెడే" అనేది. దయ్యం వచ్చిన పేజీకి దోసెడు పోసేది. యజమాని అభ్యంతరం చెప్పలేదు. కథ నడిచిన రోజున బుట్టలు ఎక్కువ నిండుతున్నాయని ఆయన ముందే గమనించాడు.

ఆ పుస్తకాలన్నీ ఒకే మూసవి. పాడుబడ్డ బంగళా, పన్నెండేళ్లుగా తెరవని గది, లోపల్నించి తట్టే చెయ్యి, బయట ఒంటరిగా ఒక పడుచు. సర్దార్‌బీ ఆ బంగళాని తీసుకొచ్చి పెనుగంచిప్రోలు దగ్గర మునేటి ఒడ్డున పెట్టేది. తట్టిన చప్పుడుకి కిరసనాయిలు డబ్బా మీద మోదేది. అన్నిటికన్నా భయంకరమైన చోటికి రాగానే పుస్తకం మూసి, గొంతు మార్చి, "ఇది కథ కాదర్రా" అనేది. దాంతో పన్నెండుమందీ కెవ్వుమనేవాళ్లు. తలుపు దగ్గరున్నవాళ్లు తలుపు బాదేవాళ్లు. ఆ తరవాత ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుకునేవాళ్లు. ఇది రోజూ మధ్యాహ్నం మూడు, మూడున్నర మధ్య జరిగే తంతు. ఆ వీధిలో గడియారం లేనివాళ్లు దీన్నిబట్టి టైము చెప్పుకునేవారు.

ఇలాంటి పుస్తకాలు జనాన్ని చెడగొడుతున్నాయని సభలు పెట్టి తీర్మానాలు చేసే పెద్దలు మనకు కొదవ లేదు. భయానకం నవరసాల్లో ఒకటని వాళ్లే పాఠం చెబుతారు. అదే రసం ముప్పావలా నవలలో కనబడితే ముక్కు మూసుకుంటారు. వాళ్లని అడిగి లాభం లేదు. దాగుడుమూతల్లో "బూ" అనిపించుకుని ఝడుసుకున్న చంటిది మరుక్షణం "మళ్లీ" అంటుంది చూడండి, దాన్ని అడగాలి. భయం ఎప్పుడు ఆగుతుందో ముందే తెలిస్తే అందులో ఒక సుఖం ఉంది. ఆ గోదాములో ఆడవాళ్లకి ఉన్న భయాలు ఆగేవి కావు. పిల్ల జ్వరం, మొగుడి తాగుడు, మరుసటి వారం బుట్టకి రేటు తగ్గిస్తారేమోనన్న బెంగ, వీటికి చివరి పేజీ లేదు. అద్దెకి తెచ్చిన భయాన్ని మాత్రం సాయంత్రానికి కొట్లో తిరిగిచ్చేయొచ్చు.

ఈ సిద్ధాంతాన్నంతా 1966లో నేను సర్దార్‌బీ దగ్గర వినిపిస్తే ఆవిడ ఓపిగ్గా విని, "మీరు చదువుకున్నోళ్లు, ఉంటదేమోలెండి" అంది. ఆ తరవాత తన మాట చెప్పింది.

"మాకు అరవడానికి ఇంకో చోటేదండీ? ఇంట్లో అరిస్తే మొగుడు తంతాడు. వీధిలో అరిస్తే పరువు పోద్ది. అక్కడ అరిస్తే నేను పేజీ తిప్పేదాన్ని, అంతే."

నా సిద్ధాంతం కన్నా ఇది మెరుగు.

ఇక తలుపు సంగతి. కూలీలు ఒళ్లో కాయలు దాచుకుపోతున్నారని వరప్రసాదరావు గారికి అనుమానం. అందుకని గోదాముకి బయట తాళం. మధ్యాహ్నం అన్నాలకి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి తీస్తారు. తాళంచెవి కావలివాడు రత్తయ్య మొలతాడుకి ఉంటుంది. అరవై దాటిన మనిషి, తలుపుకి ఐదారడుగుల దూరంలో నులక మంచం మీద కూర్చునేవాడు. అతనికీ ఆ కథ మీద ఆసక్తే. గోడ అవతల్నించి వినబడ్డంత విని, సాయంత్రం తలుపు తీస్తూ, "ఏమే పిల్లలూ, ఇవాళ దయ్యం ఎవర్ని పట్టుకుపోయింది?" అనేవాడు. "నిన్నే బాబాయ్, నీ మంచంతో సహా!" అనేది సుబ్బమ్మ.

పుస్తకంలో మూసిన గదిని తలుచుకుని ఝడుసుకునే ఆడవాళ్లు, తాము కూర్చున్న గదికి తాళం ఉందని ఎరగరా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "ఎరక్కేమండీ, దాని మీద జోకులేసుకునేవాళ్లం. దాని గురించి కేకలేస్తే కూలి పోద్ది. దయ్యం గురించి కేకలేస్తే ఏమీ పోదు" అంది సర్దార్‌బీ.

1959 మార్చి మధ్యలో, మంగళవారం నాడు, గోదాము వెనక గదిలో ఉన్న గోనె సంచుల దొంతరకి నిప్పంటుకుంది. బస్తాలు మోసేవాళ్లలో ఎవరో పారేసిన బీడీ అన్నారు. నిరూపణ కాలేదు. సంచులతో పాటు పక్కన పోసిన రంగు చెడ్డ తాలుకాయలు కాలడం మొదలెట్టాయి. పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితేనే ఇల్లు ఖాళీ చేస్తాం. అక్కడ కాలింది రెండు పుట్ల కాయ.

అప్పుడు సర్దార్‌బీ చదువుతోంది. మూడు దాటింది. మొదట దగ్గింది సుబ్బమ్మ. దగ్గుతూనే, "ఏంటక్కా, ఇవాళ వాసన కూడా చదువుతున్నావా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే వెనక గది తలుపు సందుల్లోంచి పొగ వచ్చింది.

పన్నెండుమందీ ఒక్కసారి అరిచారు. తలుపు మీద పడి బాదారు.

రత్తయ్య మంచం మీద కూర్చునే ఉన్నాడు. మంట వెనక వైపు, అతను ముందు వైపు. దగ్గులంటావా, మిరప గోదాము ముందు దగ్గు ఎవరికీ వింత కాదు. కేకలు వేళకే వచ్చాయి. బాదుడూ వేళకే వచ్చింది. అతను నవ్వుకుని, "కానీండి, కానీండి! ఇంకా గట్టిగా!" అని లోపలికి కేకేశాడు.

సర్దార్‌బీ తలుపు సందుకి నోరు పెట్టి, "బాబాయ్, ఇది కథ కాదు! కథ కాదు!" అని అరిచింది.

అదీ అతను రోజూ వినే మాటే.

తలుపు కిందనుంచి పొగ పాకి తన కాళ్ల దగ్గరికి వచ్చాక రత్తయ్య లేచాడు. మొలతాడు నించి చెవి విప్పి తాళం తీయడానికి ఇంకొంత సేపు పట్టింది. మొత్తం ఎనిమిది నిమిషాలని పోలీసు కాగితాల్లో ఉంది. పదకొండుమంది పాక్కుంటూ బయటపడ్డారు. ఉబ్బసం మనిషికి ఎనిమిది నిమిషాలు చాలా ఎక్కువ. సుబ్బమ్మని రత్తయ్యే భుజాన వేసుకుని తెచ్చి తన మంచం మీద పడుకోబెట్టాడు. అప్పటికే ఊపిరి లేదు.

పులి వచ్చిందని ఊరికే అరిచిన కుర్రాడి నీతికథ గుర్తొచ్చిందని నాతో చాలామంది అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ కుర్రాడు అబద్ధమాడాడు. ఇక్కడ ఎవరూ ఆడలేదు. పైగా ఆ కథలో కుర్రాణ్ణి లోపల పెట్టి బయట తాళం వేసినవాడెవడూ లేడు.

కేసు వరప్రసాదరావు గారి మీదా, రత్తయ్య మీదా పెట్టారు. తాళం గురించి చెప్పడానికి పదకొండుమంది సాక్షులుండాలి. సీజను మళ్లీ వస్తుంది, గోదాములు ఊళ్లో నాలుగే. వేసవి దాటేసరికి పదిమంది ఏదీ సరిగ్గా గుర్తులేదన్నారు. వాళ్లని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. మిగిలింది సర్దార్‌బీ.

కూలి సంఘం తరఫున తిరిగే భవానీప్రసాద్ ఆమె ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"చూడక్కా, నువ్వు చెప్పాల్సింది ఒక్క మాటే. ఆ రోజు చదువు లేదు. తలనొప్పిగా ఉండి పుస్తకం తీయలేదు. అంతే."

"తీశాను గదయ్యా."

"తీశావని వాళ్ల ప్లీడరుకి తెలిస్తే నీ నోట్లోంచే వాళ్లకి కావలసింది లాగుతాడు. రోజూ అరిచేవాళ్లు, కావలివాడు కథే అనుకున్నాడు, యజమానికేం సంబంధం అంటాడు. తాళం గాలికి పోద్ది. సుబ్బమ్మ కూతురి మొహం చూడు."

సుబ్బమ్మ కూతురు పుష్పవతికి ఆరేళ్లు. తండ్రి లేడు. సర్దార్‌బీ సరేనంది. నందిగామ బస్సులో కూడా ఆ మాటే మననం చేసుకుంటూ వెళ్లింది. తలనొప్పి, పుస్తకం తీయలేదు.

ప్లీడరు మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేసింది. రెండోది అడిగాడు. "ఆ రోజు కూడా చదివావా?"

"చదివానండి."

"రోజూ ఆ వేళకి అరిచేవాళ్లా? తలుపు బాదేవాళ్లా?"

"అరిచేవాళ్లమండి. బాదేవాళ్లం."

"మరి కావలివాడికి ఎలా తెలుస్తుంది, ఏది నిజమో?"

"తాళం లేకపోతే అతనికి తెలియాల్సిన పనేముందండీ? మేమే తీసుకుని వచ్చేవాళ్లం."

కోర్టులో ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్లీడరు కాగితాలు తిరగేసి, తాళం గురించి తాను అడగలేదనీ, అడిగినదానికే జవాబు చెప్పమనీ అన్నాడు.

భవానీప్రసాద్ ఆ తరవాత ఆమెతో మాట్లాడలేదు. ఎందుకలా చెప్పావని నేనడిగితే, "ఒకటి అబద్ధం చెబితే తాళం కూడా అబద్ధంలాగే వినబడుద్దనిపించిందండి. కథలు చదివేదాన్ని, గొంతు తేడా నాకు తెలుసు" అంది.

కేసు పోయింది ఆమె మాటతో కాదు, నోరు విప్పని పదిమందితోనూ కాదు. తాళంచెవి కావలివాడికి ఇచ్చింది అవసరమైతే తీయడానికే, తీయకపోవడం అతని అజాగ్రత్త, అన్న వాదంతో పోయింది. తాళం అసలెందుకన్న ప్రశ్న తీర్పులో ఎక్కడా లేదు. యజమాని మీద కేసు కొట్టేశారు. రత్తయ్యకి ఆరు నెలలు పడింది. నాలుగో నెలలో జైల్లోనే విరేచనాలు పట్టుకుని పోయాడు.

మరుసటి సీజనుకి వేరే గోదాములో పని దొరికింది సర్దార్‌బీకి. ఆడవాళ్లు మళ్లీ చదవమని వెంటపడ్డారు. తలుపు బార్లా తీసి ఉంచితేనే చదువుతానంది. అక్కడి యజమాని ఒప్పుకున్నాడు కూడా. ఆమె రెండు వారాలు చదివింది. తట్టే చెయ్యి వచ్చింది, బంగళా వచ్చింది, ఒక్కరూ అరవలేదు. తలుపు తీసుంటే వీధిలో జనం కనబడతారు, పరువు అడ్డమొస్తుంది. మూడో వారం పేజీకి గుప్పెళ్లు పడటం మానేశాయి. ఆమె పుస్తకం తిరిగిచ్చేసి, అందరితో పాటు కాయ గిల్లింది. మళ్లీ చదవలేదు.

తీర్పు వచ్చాక ఊరి పెద్దమనుషులు కూర్చుని, పుష్పవతికి వరప్రసాదరావు గారు ఆరు వందల రూపాయలు మూడు ఉగాదులకి మూడు వాయిదాలుగా ఇవ్వాలని కాగితం రాయించారు. 1960 ఉగాదికి రెండు వందలు ముట్టాయి. మిగిలిన నాలుగు వందలు, నేనిది రాస్తున్న 1968 నాటికి, ఇంకా రావాలి.